ఇటాలియన్ క్రియల్లో ఊనిక

తెలుగును 'ప్రాచ్య ఇటాలియన్' అనడం మనం తరచు వింటుంటాం. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయన్నదే ఆ పోలికకు ఆధారం. అయితే ఈ పోలికను నమ్ముకుని ఇటాలియన్ నేర్వబోయే తెలుగు విద్యార్థి క్రియల దగ్గర తడబడతాడు.

తెలుగులో 'పడు', 'పాడు' వేరు మాటలు కావడానికి అచ్చు నిడివే కారణం. మనం ఏ అక్షరాన్ని ఊని పలికినా అర్థం మారదు. ఇటాలియన్‌లో అర్థాన్ని నిర్ణయించేది ఊనిక. ఊనిక పడిన అక్షరం మాట చివర కాకుండా ఉండి అచ్చుతో ముగిస్తే, ఆ అచ్చు కొంత సాగుతుంది. అందుచేత ఇక్కడ ఊనికకు గుర్తుగా దీర్ఘం రాస్తున్నాను. 'కాపితొ' అంటే 'తారసపడతాను'. 'కపీతొ' అంటే 'అర్థమైనది'. రాతలో ఈ రెండూ ఒకటే. చివరి అక్షరాన్ని ఊని 'కపితొ' అంటే 'జరిగింది'. దీనికి మాత్రం చివరి అచ్చుపై గుర్తు పెడతారు.

ఇక అక్షర విభజన. 'మాట్లాడు' అనే అర్థమున్న క్రియ పర్-లా-రె. రేఫ ముందు అక్షరానికి చేరుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అనే మన ఛందస్సూత్రం ఇక్కడ సరిపోతుంది. కాని 'తెరుచు' అనే క్రియ అ-ప్రీ-రె. 'ప్ర' విడిపోదు, ముందున్న 'అ' బరువెక్కదు. మన సూత్రం ఇక్కడ పనికిరాదు.

వర్తమానకాలంలో 'నేను, నువ్వు, అతను, వాళ్లు' రూపాలకు ఊనిక ధాతువుపై ఉంటుంది. 'మేము, మీరు' రూపాలకు ప్రత్యయం మీదికి జరుగుతుంది. 'నివసిస్తాను' ఆ-బి-తొ, 'నివసిస్తాం' అ-బి-త్యా-మొ, 'నివసిస్తారు' మళ్లీ ఆ-బి-త-నొ. చివరిదాంట్లో ఊనిక వెనకనుంచి నాలుగో అక్షరంపై ఉంది. తెలియనివారు దాన్ని 'అబితానొ' అని పలుకుతారు.

నిఘంటువులో కనిపించే మూలరూపం ఈ సంగతి చెప్పదు. 'అబితారె', 'ఇన్వితారె' ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. కాని 'నివసిస్తాను' ఆబితొ, 'ఆహ్వానిస్తాను' ఇన్వీతొ. కనుక ప్రతి క్రియనూ 'నేను' రూపంతో కలిపి కంఠస్థం చేయడం మేలు. 'వాళ్లు' రూపం దాని ఊనికనే అనుసరిస్తుంది.

ఒక్కచోట మాత్రం తెలుగు చెవి మనకు నిజంగా అక్కరకొస్తుంది. 'పర్లెరేమొ' అంటే 'మాట్లాడతాం' అనే భవిష్యత్తు. 'పర్లెరెమ్మొ' అంటే 'వీలైతే మాట్లాడేవాళ్లం' వంటి షరతుతో కూడిన మాట. తేడా అంతా ద్విత్వంలో ఉంది. 'గడి', 'గడ్డి' తేడా పట్టగలిగిన మనకు అది కష్టం కాదు.