మందు ఎందుకు మెరవాలి? మెరిశాక ఎలా మాయమవుతుంది?

క్యాన్సర్ మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. గడ్డతో పాటు మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. జుట్టు రాలడం అందుకే. మరి ఆ మందు ఎక్కడికి చేరిందో చూడగలిగితే?

ఇందుకోసమే శాస్త్రవేత్తలు పాలిమర్ నానో రేణువులు తయారుచేస్తున్నారు. ఒక్కోటి సుమారు 100 నానోమీటర్లు. వెంట్రుక మందంలో ఇలాంటివి వందలకొద్దీ పడతాయి! లోపల మందు, దాంతో పాటు మెరిసే రంగు. ఈ రంగు ఒక కాంతిని పీల్చుకుని, కొంత శక్తి పోగొట్టుకుని, మరో రంగు కాంతిని వదులుతుంది, హైలైటర్ సిరాలాగే. దీన్నే ఫ్లోరెసెన్స్ అంటారు.

అయితే నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ చాలావరకు మింగేస్తుంది. 700 నుంచి 900 నానోమీటర్ల కాంతి కొంత లోతు నుంచి బయటికి రాగలదు. అది మన కంటికి దాదాపు కనిపించదు, ప్రత్యేక కెమెరా పట్టేస్తుంది. మరీ లోతు నుంచి రాకపోవడం కూడా ఒక కారణంగా పరిశోధనలు ఎక్కువగా చిట్టెలుకల్లో జరుగుతున్నాయి.

పని అయ్యాక? ఇలాంటి రేణువుల తయారీలో వాడే పీఎల్‌జీఏ అనే పాలిమర్ గొలుసులు నీటి వల్ల మెల్లగా తెగి లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా మారతాయి. పరుగెత్తినప్పుడు మన కండరాల్లో పుట్టేదీ లాక్టిక్ ఆమ్లమే! చివరికి మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీరు. వైద్యులు వాడే కరిగిపోయే కుట్ల దారాల్లో కొన్ని ఈ జాతివే.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే చిక్కు ఒకటుంది. రంగు రేణువులోంచి జారిపోతే, కెమెరా చూపేది రంగునే, మందును కాదు. రంగు జారిపోయే బెడద తప్పించే దారి ఒకటుంది: 2009లో అమెరికా పరిశోధకులు నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లానికి అమైనో ఆమ్లాలు జోడించి, వేరే రంగు అక్కర్లేకుండా తనంతట తానే మెరిసే, ఒంట్లో కరిగిపోయే పాలిమర్‌ను తయారుచేశారు.