కుక్కను కొనడమెందుకు.. తెచ్చుకుంటే పోలా? రక్షించిన కుక్కను పెంచుకుంటే మనకేంటి లాభం? మార్కాపురం, గిద్దలూరు వాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే!

మార్కాపురం రోడ్ స్టేషన్ కావచ్చు, గిద్దలూరు బస్టాండ్ కావచ్చు.. తెల్లారుజామున టీ బండి దగ్గర నిలబడితే ఓ కుక్క వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటుంది. బిస్కెట్ వేస్తే తింటుంది. వేయకపోతే అలాగే చూస్తూ ఉంటుంది. అక్కడ అందరికీ తెలిసిన కుక్కే, కానీ ఎవరిదీ కాదు.

సరిగ్గా ఇలాంటి కుక్కల గురించే 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఓ ఆదేశం ఇచ్చింది. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, స్పోర్ట్స్ కాంప్లెక్సుల్లో తిరిగే వీధికుక్కలను పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి షెల్టర్లకు తరలించాలని చెప్పింది. మళ్లీ తెచ్చి అదే చోట వదలొద్దని కూడా చెప్పింది.

బాగానే ఉంది. మరి షెల్టర్‌కు వెళ్లిన కుక్క సంగతేంటి? తిండి, వైద్యం అందితే నాటు కుక్క పదేళ్లు పైనే బతుకుతుంది. షెల్టర్‌లో గదులు మాత్రం లెక్కగానే ఉంటాయి. కొత్తది లోపలికి రావాలంటే పాతది బయటకు వెళ్లాలి. వెళ్లడానికి మంచి దారి ఒక్కటే.. ఎవరో ఒకరు దాన్ని ఇంటికి తీసుకెళ్లడం. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు. అన్నింటికీ ఇల్లు దొరకదు, నిజమే. దొరికిన ఇంటికి మాత్రం లాభం మనం అనుకునే దానికంటే ఎక్కువే.

అసలు ఎక్కడ తెచ్చుకోవాలి?

షెల్టర్ అనగానే మనకు పెద్ద సిటీలే గుర్తొస్తాయి. అక్కినేని అమల, నాగార్జున 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ హైదరాబాద్‌లో ఉంది. విశాఖలో 1996 నుంచి వీఎస్‌పీసీఏ పనిచేస్తోంది. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ అయితే బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో ఏకంగా నాటు కుక్కపిల్లల దత్తత మేళానే పెట్టింది. టీకాలు వేసిన పిల్లల్ని ఉచితంగా ఇచ్చింది.

మన దగ్గర సీన్ వేరు. ఇక్కడ షెల్టర్ అంటే చాలాసార్లు ఎవరో ఒకరి ఇంటి వసారానే. బండి గుద్ది కాలు విరిగిన కుక్కను ఓ డిగ్రీ కుర్రాడు ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి, కట్టు కట్టించి, ఇంటి వెనక గోనెసంచి పరిచి పడుకోబెడతాడు. నెలకు కాలు నయమవుతుంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు సమస్య.. దీన్ని ఇప్పుడేం చేయాలి? వాట్సాప్ స్టేటస్‌లో 'ఎవరైనా పెంచుకుంటారా' అని కనిపించే ఫొటోలు ఇవే. సిటీలో షెల్టర్ ఎలాగో, మన ఊళ్లకు ఆ స్టేటస్ అలాగ.

చట్టం వైపు నుంచి కూడా దారి ఉంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో దత్తత గురించి స్పష్టంగా ఉంది. జంతు ప్రేమికులు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకుని వీధికుక్కను తీసుకోవచ్చు. ఆ కుక్కకు ట్యాగ్ వేసి ఇస్తారు. అది మళ్లీ రోడ్డు మీదకు రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే. కేసు ఢిల్లీలో మొదలైనా, ఆ రోజే కోర్టు దాన్ని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది.

జేబుకు లాభం.. ఎండకు తట్టుకునే ప్రాణం

2003లో హచ్ యాడ్ వచ్చాక ఊరూరా పగ్ కుక్కల మోజు మొదలైంది. ఆ తర్వాత హస్కీలు. వేలకు వేలు పోసి తెచ్చిన హస్కీ మంచు దేశంలో బండి లాగడానికి పుట్టిన జాతి. దాన్ని తెచ్చి ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మార్కాపురంలో రేకుల షెడ్డు కింద కట్టేస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. పగ్‌ది ఇంకో బాధ. కుక్కకు ఒంటి వేడి తగ్గేది ప్రధానంగా నోరు తెరిచి రొప్పడం వల్లే. మూతి చప్పిడిగా ఉండే పగ్‌కు మామూలు రోజుల్లోనే ఊపిరి కష్టం, ఇక ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు.

నాటు కుక్కకు ఆ గోల లేదు. పొట్టి బొచ్చు, పొడవాటి మూతి. తరతరాలుగా ఈ ఎండలోనే బతికిన ప్రాణి. నీడ, కుండలో చల్లటి నీళ్లు, పడుకోవడానికి బండల నేల ఉంటే వేసవి గట్టెక్కుతుంది. ఏసీ అడగదు!

చాలామంది పట్టించుకోని లాభం ఇంకోటుంది. కుక్కపిల్లను కొన్నప్పుడు అది పెద్దయ్యాక ఎలా ఉంటుందో మీకు తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. రక్షించిన పెద్ద కుక్క విషయంలో అన్నీ ముందే కనిపిస్తాయి. ఎంత ఎత్తు పెరిగింది, పిల్లలు దగ్గరకొస్తే ఏం చేస్తుంది, కోళ్ల వెంట పడుతుందా, రాత్రి ఊరికే మొరుగుతుందా.. నెల రోజులుగా అన్నం పెడుతున్న మనిషిని అడిగితే మొత్తం చెప్పేస్తాడు. కాబట్టి ముద్దుగా ఉందని రెండు నెలల పిల్ల కోసమే వెతక్కండి. రెండు మూడేళ్ల కుక్క చాలా ఇళ్లకు మంచి ఎంపిక. దాన్ని అడిగేవాళ్లే తక్కువ.

పిల్లలు బెంగళూరులో.. పెద్దోళ్లు ఇంట్లో

పశ్చిమ ప్రకాశంలో దత్తత గురించి మాట్లాడితే ముందు మాట్లాడాల్సింది ఇదే అని నా అభిప్రాయం. వాన పడని ఏడు ఇక్కడ ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులు, బెంగళూరులో ఏదో ఒక కొలువు, గుంటూరు వైపు మిరప కోతలు. ఇంట్లో మిగిలేది అవ్వా, తాతే. పొద్దున వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడతాం. మిగతా రోజంతా వాళ్లతో మాట్లాడేదెవరు?

కంభం దగ్గర మా అమ్మమ్మ ఇంటికి మూడేళ్ల కిందట ఓ ఆడకుక్క వచ్చి చేరింది. ఒంటినిండా గజ్జి. 'ఛీ, పో' అని కర్ర చూపించింది మా అమ్మమ్మే. రెండో వారానికి దానికి వేప నూనె పూస్తోంది. ఇప్పుడు ఫోన్ చేస్తే మా క్షేమం అడగడానికి ముందు దాని కబుర్లు చెబుతుంది. ఇది తినలేదు, అది తిన్నది, నిన్న రాత్రి పాము వస్తే అరిచి లేపింది అని. మోకాళ్ల నొప్పులని మంచం దిగని మనిషి, దాని కోసం రోజూ వీధి చివరిదాకా నడుస్తోంది. (గజ్జికి వేప నూనె చాల్లే అనుకోవద్దు. చివరికి తగ్గింది పశువుల డాక్టర్ ఇంజెక్షన్ వేశాకే!)

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. స్వీడన్‌లో 40 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 34 లక్షల మంది రికార్డుల్ని సుమారు 12 ఏళ్ల కాలానికి పరిశీలించి 2017లో ఓ అధ్యయనం ప్రచురించారు. ఒంటరిగా ఉండేవాళ్లలో కుక్కను పెంచుకుంటున్న వారికి, కుక్క లేనివారితో పోలిస్తే మరణం ముప్పు 33 శాతం తక్కువగా కనిపించింది. కుక్క వల్లే ఆయుష్షు పెరిగిందని దీన్నిబట్టి తేల్చేయలేం. ఓపిక, ఆరోగ్యం ఉన్నవాళ్లే కుక్కను పెంచుతారేమో కదా. అయితే రోజూ నడక, ఇంట్లో ఓ తోడు అనేవి చిన్న విషయాలు కావు. 2015లో జపాన్ పరిశోధకులు ఇంకోటి గమనించారు. కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతోంది. తల్లీబిడ్డల బంధంలో పనిచేసే హార్మోన్ అదే.

అలాగని 'నాన్నకు తోడుంటుంది' అంటూ చెప్పాపెట్టకుండా కుక్కను తెచ్చి వదిలేసి రాత్రి బస్సెక్కేయకండి. ముందు ఆయన్నే అడగండి. డెబ్భై ఏళ్ల మనిషిని లాగి పడేసేంత హుషారున్న కుక్క వద్దు, నెమ్మదైనది చూడండి. ఆసుపత్రికో, పెళ్లికో వెళ్లాల్సి వస్తే అన్నం పెట్టే పక్కింటి మనిషి ఎవరో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఊరికీ లాభమే.. అడవికీ లాభమే

ఓ ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. రెండు నెలలు మోసి, ఒక్కో ఈతకు నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. ఆపరేషన్ చేయించి ఇంట్లో పెట్టుకుంటే ఆ వీధిలో ఆ లెక్క అక్కడితో ఆగిపోతుంది. 2023 మార్చిలో వచ్చిన ఏబీసీ రూల్స్ ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా చెవి అంచు కత్తిరిస్తారు. కాబట్టి చెవికి అలాంటి కోత కనిపిస్తే దెబ్బ తగిలిందేమో అని భయపడకండి.

రేబిస్ వస్తే ప్రాణం దక్కదు, టీకా వేస్తే రాదు. ఇందులో మధ్య దారి లేదు. తెచ్చుకున్న కుక్కకు మూడు నెలల వయసు దాటితే వెంటనే టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన బూస్టర్, ఏటా ఒకటి. పెంపుడు కుక్కే కదా అని దాని కాటును తేలిగ్గా తీసుకోవద్దు. పంటి గాటు పడితే సబ్బు పెట్టి 15 నిమిషాలు నీళ్ల ధార కింద కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టొద్దు.

ఇక నల్లమల. గిద్దలూరు, దోర్నాల, యర్రగొండపాలెం వైపు ఊళ్లకు ఆనుకునే అడవి ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అక్కడిదే. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ పులులకు, సింహాలకు కూడా సోకుతుంది. 2018 సెప్టెంబర్, అక్టోబర్‌లలో గుజరాత్‌లోని గిర్‌లో వరసగా సింహాలు చనిపోతే, వాటిలో ఈ వైరస్ బయటపడింది. అంటే అడవి అంచు ఊళ్లో ఓ కుక్కకు డిస్టెంపర్ టీకా వేయించడం ఆ కుక్కకే కాదు, అవతల ఉన్న పులికీ మేలే. ఇంకో మాట.. చిరుతకు ఊరికుక్క తేలిగ్గా దొరికే వేట. ఈ ఊళ్లలో కుక్కను రాత్రిపూట బయట గొలుసుతో కట్టేయడం అంటే దాన్ని ఎరగా పెట్టినట్టే. లోపల పడుకోబెట్టండి.

పనిలో పని.. అడవిలో దొరికిన రామచిలుక పిల్లనో, నక్షత్ర తాబేలునో 'రక్షించి' పెంచుకుంటామంటే కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ శాఖకు అప్పగించాల్సిందే.

మొదటి మూడు నెలలు ఓపిక పట్టండి

షెల్టర్ల వాళ్లు చెప్పే 'మూడు-మూడు-మూడు' లెక్క ఒకటుంది. మొదటి మూడు రోజులు కుక్క భయంతో మంచం కింద దూరుతుంది, కొన్నిసార్లు తిండి ముట్టదు. మూడు వారాలకు మీ ఇంటి టైమింగ్స్ అలవాటవుతాయి. మూడు నెలలకు ఇది నా ఇల్లే అని నమ్ముతుంది. చాలామంది మొదటి వారంలోనే 'ఇది మాకు సెట్ కాదు' అని తిరిగి ఇచ్చేస్తుంటారు. అప్పటికి అది మీకింకా పరిచయమే కాలేదు! అది దాక్కున్న చోటి నుంచి లాగకండి. దాని మానాన దాన్ని వదిలేసి, అన్నం గిన్నె మాత్రం రోజూ ఒకే చోట, ఒకే టైమ్‌కి పెట్టండి.

తిండికి సూపర్ మార్కెట్ ప్యాకెట్లే అక్కర్లేదు. అన్నం, ఉడికించిన గుడ్డు, చికెన్, కాస్త పెరుగు, జొన్నరొట్టె ముక్క.. ఇవి చాలు. గుడ్డో మాంసమో లేకుండా ఉత్త అన్నం మాత్రం సరిపోదు. మనం చేసే పెద్ద తప్పు మిగిలిన పులుసన్నం వేయడం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా పనికిరావు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఆదివారం కూర తిన్నాక బొమికలు వేసే అలవాటు మానుకోవాలి.

వీళ్లు మాత్రం తెచ్చుకోవద్దు

సంక్రాంతి దాటగానే ఇల్లు తాళం పెట్టి నాలుగు నెలలు పనులకు వెళ్లేవాళ్లు.. దయచేసి ఇప్పుడే వద్దు. ఇంట్లో తిండికి అలవాటుపడిన కుక్కను మళ్లీ వీధిలో వదిలితే అది మిగతా కుక్కల మధ్య నిలబడలేదు. పెంచుకునే జంతువును కారణం లేకుండా ఆకలికో, దాహానికో గురయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. ఇలాంటి వాళ్లకు ఇంకో మార్గం ఉంది. ఉన్నన్ని రోజులు దెబ్బ తగిలిన కుక్కకు చోటిచ్చి, నయమయ్యాక వేరే ఇల్లు వెతికి పెట్టొచ్చు. దీన్ని ఫోస్టరింగ్ అంటారు. వసారా కుర్రాళ్లకు అది పెద్ద సాయం.

తెచ్చుకోవాలని ఫిక్స్ అయితే, ఇంటికి తీసుకురావడానికి ముందే పశువుల ఆసుపత్రిలో ఓసారి చూపించండి. నులిపురుగుల మందు, టీకాలు, ఆపరేషన్ అయిందా లేదా అనేది అక్కడే తేలుతుంది. పశువుల అంబులెన్స్ కోసం 1962 టోల్ ఫ్రీ నంబర్ ఉంది. ఏటా జూలై 6న, జూనోసిస్ డే రోజు, ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి.

మెడకు పట్టీ కట్టి దాని మీద మీ ఫోన్ నంబర్ రాయండి. మున్సిపాలిటీ ట్యాగ్ ఉంటే దాన్నీ ఓ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. మొదటి వారాల్లో గేటు తీసి ఉంటే పారిపోయే అవకాశం ఎక్కువ. ఒకవేళ తప్పిపోతే ముందు దాని పాత చోటికే వెళ్లి చూడండి. స్టేషన్ కుక్కయితే స్టేషన్ టీ బండి దగ్గరే ఉంటుంది.