పెట్టెలోని కామిక్ స్కాన్‌లో ఎందుకు మసకబారుతుంది?

అమెరికాలో పాత కామిక్ పుస్తకాలను ప్రాణంలా దాచుకునేవాళ్లు వాటిని సీజీసీ లాంటి సంస్థలకు పంపుతారు. అక్కడ పుస్తకం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి, 10కి మార్కులు వేసి, గట్టి పారదర్శక ప్లాస్టిక్ పెట్టెలో బిగించేస్తారు. 1938లో సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 'యాక్షన్ కామిక్స్' ప్రతులు కొన్ని ఇలాగే భద్రంగా ఉన్నాయి.

చిక్కల్లా ఇలా పెట్టెలో ఉన్న పుస్తకాన్ని స్కాన్ చేసేటప్పుడే. పెట్టె అడ్డు వల్ల ముఖచిత్రం స్కానర్ గాజుకు ఆనదు, కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులో ఉండిపోతుంది. పల్చటి, చవక స్కానర్లలో సీఐఎస్ సెన్సర్ గాజుకు సరిగ్గా కిందే కదులుతుంది. గాజుకు అతుక్కున్నదే దానికి తేటగా కనిపిస్తుంది. కాస్త పైకి లేచిందా, అక్షరాలు అలుక్కుపోతాయి! సీసీడీ స్కానర్ దారి వేరు. అందులో అద్దాలు కాంతిని మళ్లించి, కటకం గుండా సెన్సర్‌కు చేరుస్తాయి. అందుకే కొంచెం ఎత్తులో ఉన్న బొమ్మా స్పష్టంగా వస్తుంది. స్కానర్ కొనేముందు ముందుగా చూడాల్సింది ఈ సెన్సర్ రకమే.

తర్వాత చూడాల్సింది గాజు పరిమాణం. పెట్టె ఏ4 గాజు కంటే పొడవు. అంచు గట్టు మీదికెక్కి ఏటవాలుగా కూర్చుంటుంది. ఏ3 అయితే హాయి.

మీ ఇంట్లో స్కానర్ ఉందా? అది ఎంత ఎత్తు వరకు తేటగా చూడగలదో పరీక్షించొచ్చు. ప్లాస్టిక్ స్కేలు ఒక కొసను గాజుకు ఆనించి, రెండో కొస కింద రబ్బరు పెట్టి స్కాన్ చేయండి. ఏ అంకె దగ్గర మసక మొదలైందో చూడండి.