హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్, రాంచీ

హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్ (హెచ్.ఇ.సి.) భారత ప్రభుత్వ రంగ సంస్థ. ఇది ఝార్ఖండ్ రాజధాని రాంచీలోని ధుర్వా ప్రాంతమున కలదు. రాంచీ బీహారు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1958 డిసెంబరు 31న ఈ సంస్థ ఏర్పడినది. ఉక్కు కర్మాగారాలకు, గనులకు కావలసిన భారీ యంత్రాలను, క్రేన్లను తయారుచేయుట దీని ముఖ్యోద్దేశము. ఇతర పరిశ్రమలకు యంత్రాలను అందించుటచే దీనిని మాతృ పరిశ్రమ అని వ్యవహరిస్తారు.

నేపథ్యము

రెండవ పంచవర్ష ప్రణాళికలో (1956-61) భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్‌లలో మూడు ఉక్కు కర్మాగారాలు వరుసగా సోవియట్ యూనియన్, పశ్చిమ జర్మనీ, బ్రిటన్‌ల సహకారంతో నిర్మించబడినవి. ఒక్కొక్కదాని తొలి సామర్థ్యం ఏటా 10 లక్షల టన్నులు. యంత్రాలలో అధిక భాగం విదేశాల నుండి రావలసి వచ్చినది. 1957 నాటికి విదేశీ మారక ద్రవ్యపు కొరత తీవ్రమైనది. ఉక్కును చేసే యంత్రాలను కూడా దేశంలోనే చేసుకొననిదే ప్రతి కొత్త కర్మాగారానికీ ఇదే ఇబ్బంది తప్పదని ప్రణాళికాకర్తలు భావించారు. వీరిలో గణాంక శాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్ ముఖ్యుడు. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం ఒకదానికి సరిపడు యంత్రాలను తయారుచేయుట హెచ్.ఇ.సి.కి లక్ష్యముగా నిర్ణయించబడినది.

మూడు కర్మాగారాలు

* ఫౌండ్రీ ఫోర్జ్ ప్లాంటు: చెకోస్లోవేకియా సహకారంతో నెలకొన్నది. ఇక్కడ కరిగిన లోహాన్ని అచ్చులలో పోత పోస్తారు. ఎర్రగా కాల్చిన ఉక్కు దిమ్మెలను ప్రెస్సులతో అదిమి రూపమిస్తారు. పోతలో గాలి బుడగలు మిగిలే అవకాశమున్నందున, అధిక బరువును మోయు ఇరుసులు, కొక్కేలు వంటివి రెండవ పద్ధతిలో చేయబడతాయి.
* భారీ యంత్ర నిర్మాణ కర్మాగారం: సోవియట్ సహకారంతో నెలకొన్నది. బ్లాస్ట్ ఫర్నేసు పరికరాలు, ఎక్స్‌కవేటర్లు, క్రేన్లు ఇక్కడ తయారవుతాయి.
* భారీ మెషీన్ టూల్స్ కర్మాగారం: ఇది కూడా చెకోస్లోవేకియా సహకారంతో ఏర్పడినది. పెద్ద భాగాలను చెక్కే లేతులు, రంధ్రాలు చేసే యంత్రాలు ఇక్కడ చేస్తారు.

1963 నవంబరు 15న ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ ఈ సంస్థను జాతికి అంకితం చేశాడు. దీనికై 7 వేల ఎకరాలకు పైగా భూమి సేకరించబడినది. ఇందులో అనేక ఆదివాసీ గ్రామాల ప్రజలు నిర్వాసితులైనారు. పునరావాసము, ఉద్యోగాలు, వాడకుండా మిగిలిన భూముల విషయమై వారి ఆందోళనలు దశాబ్దాల పాటు సాగినవి.

భారీ క్రేను పనిచేయు విధానము

ఉక్కు కర్మాగారాలలో వాడేది ఎక్కువగా ఇ.ఓ.టి. క్రేను. షెడ్డుకు ఇరువైపులా స్తంభాలపై ఎత్తుగా పట్టాలు ఉంటాయి. వాటిపై ఒక ఇనుప వంతెన షెడ్డు పొడవునా నడుస్తుంది. వంతెనపై ట్రాలీ అడ్డముగా కదులుతుంది. ట్రాలీలోని మోటారు డ్రమ్మును త్రిప్పగా ఉక్కు తాడు చుట్టుకొని కొక్కెము పైకి లేస్తుంది. ఈ మూడు కదలికలతో షెడ్డులో దాదాపు ఏ చోటికైనా బరువును చేర్చవచ్చును.

తాడును కప్పీల మీదుగా 8 వరుసలుగా త్రిప్పినచో, రాపిడిని లెక్కించకుంటే, ఒక్కొక్క వరుసపై పడేది బరువులో 8వ వంతు మాత్రమే. అయితే బరువును 1 మీటరు లేపుటకు 8 మీటర్ల తాడు చుట్టవలెను. కావలసిన బలం తగ్గితే వేగం తగ్గుతుంది. కరిగిన ఉక్కును మోసే క్రేను జారినచో ప్రాణనష్టం తప్పదు గనుక వాటికి ఒకటికి మించి బ్రేకులు అమర్చుతారు.

బొకారో, ఆ తరువాత

1972లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన బొకారో ఉక్కు కర్మాగారానికి యంత్రాలను సమకూర్చుట హెచ్.ఇ.సి. ప్రధాన విజయాలలో ఒకటి. కాని సంస్థ ఏటా ఒక కొత్త ఉక్కు కర్మాగారం వస్తుందన్న అంచనాపై నిర్మించబడినది. 1966-69 మధ్య పంచవర్ష ప్రణాళికలు నిలిచిపోవుటతో ఆ అంచనా తారుమారైనది. భారీ యంత్రాలకు కొనుగోలుదారులు బహు కొద్దిమంది. ఆర్డర్లు లేకున్నా కొలిముల, సిబ్బంది ఖర్చు ఆగదు. నష్టాలు పేరుకొని 1990వ దశకంలో సంస్థ ఖాయిలా పరిశ్రమల జాబితాలో చేరినది. 2000వ దశకంలో పునరుద్ధరణ పథకం తరువాత కొన్నేళ్ళు లాభాలు వచ్చినవి.

శ్రీహరికోటతో సంబంధము

ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీహరికోటలో 2005 మే 5న తొలిసారి వాడబడిన రెండవ ప్రయోగ వేదికకు, రాకెట్టును నిలిపి తరలించే కదిలే పీఠమును హెచ్.ఇ.సి. తయారుచేసినది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఈ వేదిక నుండే బయలుదేరినది. అప్పటికి హెచ్.ఇ.సి. ఉద్యోగులకు ఏడాదికి పైగా జీతాలు బకాయి ఉండుట దేశవ్యాప్త చర్చకు దారితీసినది. చంద్రయాన్-3 కొరకు హెచ్.ఇ.సి.కి ఏ పనీ అప్పగించలేదని, 2003-2010 మధ్య మాత్రం ఇస్రోకు కొన్ని మౌలిక పరికరాలను ఆ సంస్థ అందించినదని కేంద్ర ప్రభుత్వం వివరించినది. ఒకప్పుడు 20 వేలకు పైగా ఉన్న సిబ్బంది సంఖ్య అప్పటికి కొద్ది వేలకు తగ్గిపోయినది.