పసిబిడ్డ కడుపునొప్పి - ఆముదం పనికిరాని వేళ

జలుబు, దగ్గు, జ్వరం వచ్చి తగ్గిన కొద్దిరోజులకు, అంతవరకు ఆడుకొంటున్న బిడ్డ ఉన్నట్టుండి కెవ్వున ఏడుస్తాడు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకొంటాడు. ముఖం పాలిపోతుంది. రెండు మూడు నిమిషాలకు ఏడుపు ఆగి, ఏమీ జరుగనట్లు తల్లివంక చూస్తాడు. పావుగంట గడిచీ గడవకముందే మళ్లీ అదే ఏడుపు. మన ఇళ్లలో దీనికి వెంటనే దొరికే పేర్లు మూడు: దిష్టి, అజీర్తి, వాయువు. దొరికే మందు ఒక్కటే, ఆముదం. ఆ ఆముదపు చెంచా ఎత్తే ముందు తల్లులు ఈ నాలుగు మాటలు చదువవలెనని నా మనవి.

చొక్కా విప్పునప్పుడు చేయి లోనికి మడతపడినట్లు, చిన్నప్రేవు కొస పెద్దప్రేవులోనికి చొరబడుట ఒకటున్నది. ఆధునిక వైద్యులు దీనిని ఇంటససెప్షన్ అంటారు. మూడు నెలల నుండి మూడేళ్లలోపు బిడ్డలలో, అందునా అయిదు నుండి తొమ్మిది నెలల ప్రాయంలో ఇది ఎక్కువ. బొద్దుగా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకే వచ్చుట కద్దు. చాలామందిలో స్పష్టమైన కారణం దొరకదు గాని, వైరస్ జ్వరాల పాత్ర, ముఖ్యంగా అడినోవైరస్ పాత్ర, బాగా గుర్తించబడినది. గొంతులో టాన్సిల్స్ వంటివే చిన్నప్రేవు కొస గోడలోనూ ఉంటాయి. వైరస్ సోకినప్పుడు అవి ఉబ్బుతాయి. ప్రేవు ఆ ఉబ్బును ఆహారపు ముద్దగా భావించి ముందుకు నెడుతుంది. దానితోపాటు ప్రేవు గోడ కూడా ఈడ్చుకుపోతుంది. లోపల ఇరుక్కున్న భాగానికి రక్తప్రసారం తగ్గి, వాచి, జిగటతో కలిసి రక్తం స్రవిస్తుంది. గంటలు గడిచేకొద్దీ ఆ భాగం కుళ్లిపోవచ్చును.

మాటలు రాని బిడ్డ బాధను ఎట్లు తెలిసికొనవలెనో చెప్పుటకు కాశ్యపసంహితలో వేదనాధ్యాయమని ఒక అధ్యాయమే ఉన్నది. శూలతో బాధపడు శిశువు స్తనం విడిచి ఏడ్చుననీ, కడుపు బిగుసుకొనుననీ, ముఖాన చెమట పట్టుననీ అందులోని భావం. గురుకులంలో మా గురువుగారు ఆ అధ్యాయాన్ని మాచేత వల్లె వేయించి ఊరుకోలేదు. ఊళ్లో ఏడ్చే బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ తీసుకుపోయి చూపించారు.

కొన్నేళ్ల క్రితం ఒక నాయనమ్మగారు ఎనిమిది నెలల మనుమడిని నా వద్దకు తెచ్చింది. వారం కిందట జలుబు చేసిందట.

"రెండు చెంచాల ఆముదం పోశానయ్యా, విరేచనం కాలేదు. ఇంకాస్త గట్టి మందు ఇవ్వండి" అన్నది.

బిడ్డ ఏడుపు ఏడుపుకూ నడుమ మగతగా పడి ఉన్నాడు. వాంతి ఆకుపచ్చగా ఉన్నది. కుడివైపు డొక్క కింద పొడవాటి మెత్తని గడ్డ చేతికి తగిలింది. నేను మందివ్వలేదు. పట్నంలో పిల్లల శస్త్రవైద్యుని వద్దకు ఆ క్షణమే తీసుకుపొమ్మన్నాను.

"ఇంతదూరం వస్తే ఉత్తచేతులతో పంపుతారా?" అని ఆమె నొచ్చుకొన్నది.

"అమ్మా, లోపల దారి మూసుకుపోయింది. వెనుక నుండి తోస్తే దారి తెరచుకోదు, ప్రేవు చిరుగుతుంది" అన్నాను.

అక్కడ అల్ట్రాసౌండ్ తీసి, గుదద్వారం గుండా గాలి పంపి, చొరబడిన ప్రేవును వెనుకకు నెట్టారు. కత్తి పడలేదు. సకాలంలో వెళ్లిన బిడ్డలలో అత్యధికులకు ఇట్లే నయమవుతుంది. ఇది వస్తికర్మకు చుట్టమే కదా అని నాకు తోచింది. అంతమాత్రాన ఇంట్లో ఎనిమా చేయరాదు. పరికరాలతో కనిపెట్టి చూస్తూ, శస్త్రవైద్యుని దగ్గర ఉంచుకొని చేయవలసిన పని అది. అట్లు కుదరనప్పుడు, లేక ప్రేవు చిల్లిపడినప్పుడు ఆపరేషన్ తప్పదు. బద్ధగుదోదరంలో ఉదరం తెరచి అడ్డు తొలగించమన్న సుశ్రుతుని శిష్యులము, కత్తికి మనం వెరవనేల?

రక్తం కలిసిన ఎర్రని జిగురు విరేచనం కనబడేదాకా ఆగవద్దు. అది అందరిలో కనబడదు, కనబడినా ఆలస్యంగా కనబడుతుంది. వచ్చిపోయే ఏడుపు, వాంతులు, పాలు ముట్టకపోవుట, మగత - ఇవే చాలును. కొందరు బిడ్డలు ఏడవకుండా సోలిపోయి ఉంటారు. అది మరీ ప్రమాదం. ఆ వేళ ఆముదం, వస, గ్రైప్ వాటర్, ఉగ్గు ఏదీ నోట పోయరాదు. నాభిపై ఇంగువ పట్టు వేస్తే హాని లేదు గాని, దానికోసం గంట పోగొట్టుకోవద్దు.

రోటావైరస్ విరేచనాల టీకా గూర్చి తరచు అడుగుతున్నారు. అమెరికాలో 1998లో వచ్చిన ఒక టీకాను ఈ ప్రేవు చొరబాటు భయంతోనే 1999లో ఉపసంహరించిన మాట నిజం. ఇప్పుడు మన దేశంలో వేస్తున్నవి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రభుత్వ కార్యక్రమంలో ఆరు, పది, పదునాలుగు వారాలకు నోటి ద్వారా ఇస్తున్నారు. వేయించండి. ఇదివరకే ప్రేవు చొరబడిన బిడ్డకు మాత్రం ఈ టీకా వేయరాదు. ఆ సంగతి ముందుగా చెప్పండి.

కత్తి లేకుండా నయమైన బిడ్డలలో పదింట ఒకరికి మళ్లీ రావచ్చు, అదీ తరచు మొదటి రెండు మూడు రోజులలోనే. అందుచేత ఆసుపత్రివారు ఇంటికి పంపిన తరువాత కూడా ఏడుపును కనిపెట్టి ఉండండి. వారు అనుమతించిన వెంటనే తల్లిపాలు మొదలుపెట్టవచ్చును. ఆరునెలలు దాటిన బిడ్డకు పలుచని బియ్యపు జావ, పిదప పెసరకట్టు, ఆకలిని బట్టి మెత్తని అన్నం.