ఆకాశంలో సరళరేఖ, నేల మీద దారి

సూరత్ నగరంలో తపతీ నదికి కుడిగట్టున అడాజన్ అనే పేట ఉన్నది. విమానాశ్రయం ఎడమగట్టున, డుమాస్ మార్గంలో ఉన్నది. పటం మీద ఈ రెండింటి నడుమ గీత గీస్తే సుమారు పది కిలోమీటర్లే. కాని ఆ గీత వెంట పోగలిగినది పక్షి మాత్రమే. మనిషి ముందుగా వంతెన చేరి నది దాటవలసిందే. విమానదూరానికీ ప్రయాణదూరానికీ గల భేదం ఇంటి గడప వద్దనే మొదలవుతుంది.

సూరత్ నుండి హైదరాబాదు ఎంత దూరం? రోడ్డు మీద 900 కిలోమీటర్లు దాటుతుంది. గగనమార్గాన శంషాబాదుకు సుమారు 740 కిలోమీటర్లు. వైమానికుల భాషలో 400 నాటికల్ మైళ్లు.

ఈ లెక్క ఎవరైనా కట్టవచ్చును. శంషాబాదు సూరత్‌కు దక్షిణంగా 3.9 డిగ్రీలు, తూర్పుగా 5.7 డిగ్రీల దూరాన ఉన్నది. అక్షాంశాల మధ్య ఒక్కొక్క డిగ్రీ 111 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయినకొద్దీ దగ్గరవుతాయి గనుక ఈ ప్రాంతంలో వాటి మధ్య డిగ్రీ 105 కిలోమీటర్లే. అంటే దక్షిణానికి 430, తూర్పుకు 600. ఈ రెండు భుజాలు గల లంబకోణ త్రిభుజానికి కర్ణమే మనకు కావలసిన దూరం.

దూరం పెరిగితే ఈ సులభసూత్రం చాలదు. గోళం మీద హైదరాబాదు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి చూస్తే, అది ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా పోవడం కనిపిస్తుంది. గోళం మీద దగ్గరి దారి, చదునైన పటం మీద వంకరగా తోస్తుంది.

అయినా విమానం ఆ గీతను అంటిపెట్టుకొని ఎగరదు. గాలికి ఎదురుగా లేవాలి, నిర్ణీత మార్గాలను అనుసరించాలి, ఉరుముల మేఘాలను తప్పించుకోవాలి. దిగవలసిన చోట వీలుపడకపోతే మరొక విమానాశ్రయానికి చేరేటంత ఇంధనం కూడా వెంట ఉండాలి.

సూరత్ మరమగ్గాలను నమ్ముకొని వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం. స్వగ్రామంలో తల్లికి సుస్తీ అని కబురు వచ్చిన నాడు, ఈ లెక్కలన్నీ మారిపోతాయి. సూరత్ నుండి వరంగల్‌కు సరళరేఖ 800 కిలోమీటర్లు. కాని నిజాం కాలంనాటి మామునూరు విమానాశ్రయంలో ప్రయాణికుల రాకపోకలు దశాబ్దాల క్రితమే ఆగిపోయినవి. 2025లో దాని పునరుద్ధరణకు కేంద్రం అనుమతి ఇచ్చింది. అందువల్ల గంటన్నరలో శంషాబాదులో దిగినవాడు మరి 150 కిలోమీటర్లకు పైగా నేల మీద పోవాలి. టికెట్టు ధర భరించలేనివాడికి రైలే గతి. ఆ ప్రయాణానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

రెండు ఊళ్ల నడుమ విమానదూరం ఎన్నటికీ మారదు. వంతెన, విమానాశ్రయం, చేతిలోని పైకం — మనిషి నిజంగా ప్రయాణించే దూరాన్ని కొలిచేవి ఇవే.