ఎండలు ముదరకముందే ఏసీ శుభ్రం: పురుగుల ఇంట్లో ఏది ముందు, ఏది తర్వాత

శివరాత్రి దాటిందంటే మన కోలారు, చిక్కబళ్లాపురం వైపు మధ్యాహ్నం ఎండ తీరే మారిపోతుంది. చాకీ గదికి ఏసీ పెట్టుకున్నవాళ్లు, పడక గదిలో ఏసీ ఉండి పక్క గదిలోనే పురుగులు మేపేవాళ్లు ఇప్పుడు మనలో చాలామంది ఉన్నారు. ఏసీతో వచ్చే పుస్తకం పట్నం ఇళ్లకు రాసింది. అందులో సున్నం పొడి గురించి లేదు, బ్లీచింగ్ గురించి లేదు, పురుగుల పెంట గురించి లేదు. అందుకే మేము చేసే పద్ధతి రాస్తున్నాము.

ఇంట్లో పెట్టే స్ప్లిట్ ఏసీ బయట గాలి లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లటి గొట్టాల మీదుగా తిప్పి, మళ్లీ గదిలోకే వదులుతుంది. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు మనం చల్లే సున్నం, ఎండిన ఆకు పొట్టు, పెంట దుమ్ము అంతా దాని జాలీకి, జాలీ వెనక ఉండే సన్న రేకులకు పడుతుంది. పోయిన పంటలో పాలరోగమో సున్నకట్టు రోగమో వచ్చి ఉంటే ఆ క్రిములు కూడా ఆ దుమ్ములోనే ఉంటాయి. గదికంతా మందు కొట్టి ఏసీని అట్లే వదిలేస్తే, కొత్త పురుగులు తెచ్చి స్విచ్ వేసిన రోజే ఆ దుమ్ము వాటి మీదికి వస్తుంది.

కాబట్టి ఏసీ కడగడం ముందు, గదికి మందు కొట్టడం తర్వాత. చాలామంది దీన్ని తిరగేస్తారు. గది అంతా మందు కొట్టి, పురుగులు వచ్చే ముందురోజు మెకానిక్‌ని పిలుస్తారు. ఆయన బ్లోయర్ పెట్టి ఊదితే దుమ్మంతా కడిగిన గోడల మీద, తట్టల మీద పడుతుంది. మందు ఖర్చు దండగ.

రిమోట్‌తో ఆపితే చాలదు, ఎంసీబీ దించాలి. జాలీలు తీసి వాకిట్లో దులపకండి. నేరుగా సబ్బు నీళ్లలో ముంచి, మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతుంది. లోపలి రేకులను కొత్త పెయింటు బ్రష్‌తో పైనుంచి కిందికి తుడవాలి. అడ్డంగా రుద్దితే రేకులు మడత పడి గాలి ఆడదు. నీళ్లు పోయే పైపులో జిగురుగా పాచి పడుతుంది. అది అడ్డం పడితే నీళ్లు గోడ వెంబడి కారి బూజు వస్తుంది. పైపులో నీళ్లు పోసి, బయట ధారగా పడుతున్నాయా అని చూడండి. కడిగిన మురికి నీళ్లు మల్బరీ తోట వైపు పోనీయకండి. దూరంగా గుంటలో పోసి పైన బ్లీచింగ్ చల్లండి.

బయటి యూనిట్‌కు ఆనించి చంద్రికలు, ఖాళీ గోతాలు పేర్చే అలవాటు మన దగ్గర ఎక్కువ. అవి తీసేయాలి. వేడి బయటికి పోకపోతే లోపల చల్లబడేది ఎట్లా? ఎంసీబీ దించి ఉన్నప్పుడే పైపుతో మెల్లగా నీళ్లు కొట్టి దుమ్ము దించవచ్చు. విప్పే పని మాత్రం మెకానిక్‌దే. కరెంటు తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది.

ఇక మందు సంగతి. క్లోరిన్ రాగిని, అల్యూమినియంను తినేస్తుంది. గొట్టానికి సన్నటి చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. అందుకే ఏసీ బాగా ఆరాక ప్లాస్టిక్ కవర్ చుట్టి టేపు వేసి, ఆ తర్వాతే మందు కొట్టాలి. 10 లీటర్ల నీళ్లకు 200 గ్రాముల బ్లీచింగ్, 30 గ్రాముల సున్నం, మనకు తెలిసిన లెక్కే. మందు కొట్టిన గదిలో వాసన పోయేదాకా కిటికీలు తెరిచి పెట్టి, తర్వాతే కవర్ తీయండి. కొందరు మెకానిక్‌లు తొందరగా తెల్లబడాలని యాసిడ్‌తో కడుగుతారు. రేకులు పాడయ్యేది ఒకటి. బ్లీచింగ్‌కు యాసిడ్ తగిలితే విషవాయువు పుడుతుంది, మూసిన గదిలో మనిషి ప్రాణానికే ముప్పు. యాసిడ్ వద్దని ముందే చెప్పండి.

గ్యాస్ పేరు చెప్పి ఏటా డబ్బు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఏసీ గ్యాస్ పెట్రోలు మాదిరి ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. "లీకు ఎక్కడుందో సబ్బు నురగ పెట్టి చూపించన్నా, అది మూసినాకే గ్యాస్ పట్టు" అని అడగండి. ఏ గ్యాసో బయటి యూనిట్ రేకు మీదే రాసి ఉంటుంది: ఆర్-22, ఆర్-32, ఆర్-410ఏ. అదే పట్టాలి. ఆర్-32కి నిప్పు అంటుకునే గుణముంది, ఆ పని జరిగేటప్పుడు దగ్గరలో పొయ్యి, అగరుబత్తి ఉండకూడదు.

లోపల చీమలు, బొద్దింకలు చేరాయని స్ప్రే కొట్టవద్దు. పురుగుల మందు పట్టుపురుగుకూ మందే. వాసన నురగ డబ్బాలు కూడా చాకీ గదిలోకి మేము రానివ్వము.

ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, ఆకు వాడిపోతుంది. మొదటి దశలో 28 డిగ్రీలు, 85 శాతం తేమ కావాలి. రెండో దశకు 27 చాలు. 18కి పెడితే తొందరగా చల్లబడుతుందనుకోవద్దు, కరెంటు బిల్లు పెరుగుతుంది, పురుగు ఎదుగుదల ఆగుతుంది. గాలి నేరుగా తట్టల మీద పడకుండా రెక్కలు పైకి తిప్పి, తడి గోతాలు కట్టండి. జ్వరంలో ఉన్నప్పుడు మాత్రం తడి తీసేయాలి. ఏసీ నుంచి కారే నీళ్లు శుభ్రంగా కనిపించినా ఆకు మీద చల్లకండి, అవి ఆ మురికి రేకుల మీదుగా వచ్చినవే.

పురుగులు రావడానికి రెండు మూడు రోజుల ముందే, మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఏసీ నడిపి, థర్మామీటరు తట్టల ఎత్తులో కట్టి చూడండి. 28 దగ్గర నిలవకపోతే మెకానిక్‌ని పిలవడానికి అప్పుడైతే టైముంటుంది.